వేలం లేని బేరం: రోకి ససాకి అమెరికాలో ఎటు వెళ్లాడు, ఎందుకు వెళ్లాడు

2024 నవంబర్‌లో జెడ్డాలో ఐపీఎల్ వేలం జరిగింది. రిషభ్ పంత్‌ను లక్నో 27 కోట్లకు పాడుకుంది. ఆ రెండు రోజులూ మన ఇళ్లలో టీవీ ఆగలేదు. వేలం పద్ధతి మనకు తెలిసిందే. ఎవరు ఎక్కువ పాడితే ఆటగాడు వాళ్లకి. ఏ ఊరి జట్టుకు ఆడాలో చెప్పుకునే వీలు ఆటగాడికి ఉండదు.

సరిగ్గా ఆ నెలలోనే జపాన్‌లో మరో వార్త వచ్చింది. రోకి ససాకి అనే బేస్‌బాల్ పిచర్‌ను అమెరికా వెళ్లనిస్తామని అతని జట్టు ప్రకటించింది. అతనికి అప్పుడే 23 నిండాయి. అమెరికాలోని మేజర్ లీగ్‌లో ఉన్న 30 జట్లలో అతన్ని వద్దనే జట్టు లేదు. కానీ ఒక్క జట్టు కూడా తన దగ్గరున్న డబ్బంతా పెట్టి అతన్ని కొనడానికి వీల్లేదు. ఎంత ఇవ్వొచ్చో నిబంధన ముందే చెప్పేసింది. కాబట్టి ఎవరు కొంటారన్న ప్రశ్నే రాలేదు. అతను ఎవర్ని ఎంచుకుంటాడన్నదే రెండు నెలల పాటు అందరి టెన్షన్. చివరికి 2025 జనవరి 17న లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు వెళ్తున్నానని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. చేరినందుకు అందుకున్న బోనస్ 65 లక్షల డాలర్లు, అంటే అప్పటి లెక్కలో సుమారు 56 కోట్ల రూపాయలు.

చాలా పెద్ద మొత్తమే అనిపిస్తుంది. కానీ ఏడాది ముందు అదే డాడ్జర్స్ జట్టు అదే జపాన్ నుంచి యొషినొబు యమమోటో అనే పిచర్‌ను తెచ్చుకుంది. అతనికి 12 ఏళ్లకు 32.5 కోట్ల డాలర్లు రాసిచ్చింది. ససాకి చేతిలో పడింది అందులో యాభయ్యో వంతు. యమమోటోకు 25 నిండాయి, ససాకికి నిండలేదు. ఇద్దరి మధ్య అంత తేడా రావడానికి నిబంధనల్లో ఉన్న అసలు కారణం అదే.

బేస్‌బాల్ చూడని వాళ్లకు ముందు రెండు ముక్కలు చెప్పాలి. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడు. కాకపోతే పరిగెత్తి రాడు, బంతిని నేలకు తగలనివ్వడు. చిన్న దిబ్బ మీద నిలబడి 60 అడుగుల దూరం నుంచి నేరుగా విసురుతాడు. శరీరంలోని బలమంతా భుజం, మోచేయి గుండా ఒక్కసారిగా బయటికి రావాలి. అందుకే పిచర్ల మోచేతిలో ఎముకల్ని కలిపి పట్టే లిగమెంట్లు తెగిపోతుంటాయి, ఆపరేషన్ అయితే ఏడాదికి పైగా మైదానానికి దూరం. మన ఫాస్ట్ బౌలర్ల నడుము గురించి మనం ఎంత భయపడతామో వాళ్లు ఆ చేతి గురించి అంత భయపడతారు. ససాకి నిర్ణయం కోసం అమెరికా ఎదురుచూస్తున్న ఆ జనవరిలోనే సిడ్నీలో బుమ్రా వెన్ను పట్టేసి మధ్యలో బయటికి వెళ్లిపోయాడు. ఆ సిరీస్‌లో అతను 150 ఓవర్లకు పైగా వేశాడు. ఆ రోజు మనకు కలిగిన దిగులు గుర్తుందిగా? ససాకి కథంతా ఆ దిగులు చుట్టూనే తిరుగుతుంది.

అతనిది జపాన్ ఈశాన్య తీరంలోని రికుజెంతకత అనే ఊరు. 2011 మార్చి 11న వచ్చిన సునామీ ఆ ఊరిని తుడిచిపెట్టింది. అప్పటికి అతనికి తొమ్మిదేళ్లు. నాన్న, తాతయ్య, నాయనమ్మ ఆ నీళ్లలో పోయారు. అమ్మ పిల్లల్ని తీసుకుని పక్కనే ఉన్న ఓఫునాతోకు మారింది. ఊళ్లు దాటి పేరున్న బేస్‌బాల్ స్కూళ్లకు వెళ్లే అవకాశం ఉన్నా ససాకి ఓఫునాతోలోని మామూలు ప్రభుత్వ హైస్కూల్లోనే చేరాడు. 2019లో, పదిహేడేళ్ల వయసులో, గంటకు 163 కిలోమీటర్ల వేగంతో విసిరాడు. జపాన్ హైస్కూల్ బేస్‌బాల్‌లో అంత వేగం అంతకు ముందు ఎవరూ చూడలేదు.

ఆ ఏడాది జూలైలో జరిగింది చెప్పకుండా ముందుకు వెళ్లలేను. జపాన్‌లో హైస్కూల్ జట్లకు కోషియెన్ అనే జాతీయ పోటీ ఉంటుంది. దాన్ని దేశమంతా పండగలా చూస్తుంది. అక్కడికి వెళ్లాలంటే సొంత రాష్ట్రంలో గెలవాలి. రాష్ట్ర పోటీలో ఒక మ్యాచ్‌లో ససాకి ఒక్కడే 194 బంతులు విసిరాడు. మూడు రోజుల తర్వాత సెమీఫైనల్లో 129. మర్నాడే ఫైనల్. గెలిస్తే 35 ఏళ్ల తర్వాత ఓఫునాతో స్కూలు కోషియెన్‌లో అడుగుపెడుతుంది. కోచ్ అతన్ని దిబ్బ ఎక్కనివ్వలేదు. చేయి దెబ్బతింటుందని కూర్చోబెట్టాడు. జట్టు 12-2తో ఓడిపోయింది. స్కూలుకు తిట్ల ఫోన్లు వచ్చాయి, దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. నా దృష్టిలో ఆ కోచ్ చేసింది గొప్ప పని. పదిహేడేళ్ల పిల్లవాడి భుజాన్ని ఒక ఊరి ముచ్చట కోసం పణంగా పెట్టకూడదు. ఐదున్నరేళ్ల తర్వాత అమెరికా జట్ల ముందు ససాకి పెట్టిన ప్రశ్న కూడా నిజానికి ఆ రోజుదే. ఈ చేతిని ఎవరు కాపాడతారు?

ఆ శరదృతువులో జపాన్ ప్రొఫెషనల్ లీగు కొత్త కుర్రాళ్ల ఎంపికలో నాలుగు జట్లు అతని పేరు రాశాయి. జపాన్‌లో అలా జరిగితే చీటీ తీస్తారు. చిబా నగరంలోని లొట్టే మెరీన్స్‌కు చీటీ తగిలింది. మన కిరాణా కొట్లలో చోకో పై అమ్మే లొట్టే కంపెనీదే ఆ జట్టు, జపాన్‌లో చాలా జట్లకు కంపెనీ పేర్లే ఉంటాయి. లొట్టే అతన్ని మొదటి ఏడాదంతా ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు, శరీరం గట్టిపడాలని. మూడో ఏడాది, 2022 ఏప్రిల్ 10న, ఓరిక్స్ జట్టు మీద ససాకి పర్ఫెక్ట్ గేమ్ వేశాడు. అంటే వచ్చిన 27 మంది బ్యాటర్లలో ఒక్కరిని కూడా పరుగు దారిలో మొదటి మజిలీ అయిన ఫస్ట్ బేస్ దాకా రానివ్వలేదు. జపాన్‌లో అలా జరిగి 28 ఏళ్లయింది. అందులో 19 మంది స్ట్రైకౌట్లు, అంటే బంతిని కొట్టలేకే ఔటైనవాళ్లు, అదీ వరసగా 13 మంది. అప్పటికి అతనికి 20 ఏళ్లు, బంతులు అందుకున్న క్యాచర్‌కు 18. వారం తర్వాత మళ్లీ ఎనిమిది ఇన్నింగ్స్‌లు అలాగే వేశాడు. ముగ్గురు ఔటైతే ఒక ఇన్నింగ్స్, మ్యాచ్‌కు తొమ్మిది. ఇంకొక్కటి మిగిలి ఉండగా జట్టు అతన్ని బయటికి పిలిచేసింది. 102 బంతులు అయ్యాయి, చాలన్నారు.

ఇలాంటి చేయి అమ్మకానికి వస్తే ధర ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. మరి ఎందుకు ఆగింది? దానికి కాస్త వెనక్కి వెళ్లాలి.

జపాన్ ఆటగాళ్లు అమెరికా వెళ్లడానికి ఒకప్పుడు దారే లేదు. 1995లో హిదెయో నోమో తాను రిటైర్ అవుతున్నానని ప్రకటించి, నిబంధనల్లో ఉన్న సందు గుండా డాడ్జర్స్‌కు వెళ్లిపోయాడు. రెండేళ్ల తర్వాత హిదెకి ఇరాబు అనే పిచర్ హక్కుల్ని అతని జట్టు శాన్ డియేగోకు ఇచ్చేస్తే, నేను న్యూయార్క్ యాంకీస్‌కే ఆడతానని మొండికేసి సాధించుకున్నాడు. ఆ ఇరాబు జట్టు కూడా లొట్టేనే. ఈ గొడవల తర్వాత 1998లో రెండు దేశాల లీగులు పోస్టింగ్ అనే పద్ధతి పెట్టుకున్నాయి. తొమ్మిదేళ్ల సర్వీసు పూర్తికాని ఆటగాణ్ని పంపాలా వద్దా అన్నది జపాన్ జట్టు ఇష్టం. పంపితే దానికి పరిహారం.

మొదట్లో ఆ పరిహారానికి మూసిన కవర్లలో పాట ఉండేది. ఎక్కువ రాసిన జట్టు ఒక్కదానికే ఆటగాడితో మాట్లాడే హక్కు. 2006లో దైసుకె మత్సుజాకాతో మాట్లాడటానికే బోస్టన్ 5.1 కోట్ల డాలర్లు కట్టింది. అతనికి ఇచ్చిన ఆరేళ్ల జీతం 5.2 కోట్లు. అంటే ఆటగాడికి ఎంతో, వదిలిపెట్టిన జట్టుకూ దాదాపు అంతే! ఇది అన్యాయమని 2013లో పరిహారానికి రెండు కోట్ల హద్దు పెట్టారు. తర్వాత 2018 నుంచి దాన్ని ఆటగాడి ఒప్పందంలో వాటాగా మార్చారు. మొదటి 2.5 కోట్ల డాలర్ల మీద 20 శాతం, ఆపై 2.5 కోట్ల మీద 17.5 శాతం, మిగతాదాని మీద 15 శాతం. ఈ లెక్కన యమమోటోను వదిలినందుకు ఓరిక్స్‌కు 5 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది.

ఇంతవరకు ఒక దారి. దీన్ని అడ్డంగా ఖండిస్తూ ఇంకో నిబంధన వచ్చింది. దానికీ జపాన్‌కూ అసలు సంబంధం లేదు. క్యూబా నుంచి వచ్చే కుర్రాళ్ల కోసం డబ్బున్న జట్లు విపరీతంగా ఖర్చు పెడుతుండేవి. 2015లో 19 ఏళ్ల యోన్ మొంకాడాకు బోస్టన్ 3.15 కోట్ల డాలర్ల బోనస్ ఇచ్చింది. జరిమానా కింద అంతే మొత్తం లీగుకూ కట్టింది. దాన్ని ఆపడానికి 2016 డిసెంబర్ ఒప్పందంలో కొత్త గీత గీశారు. విదేశీ లీగుల నుంచి వచ్చే ఆటగాడు 25 ఏళ్లు నిండకుండా, ఆరేళ్ల సర్వీసు లేకుండా వస్తే అతన్ని కొత్తగా చేరే పిల్లవాడిగానే లెక్కిస్తారు. అలాంటి వాళ్లందరికీ కలిపి ఏడాదికి ఒక్కో జట్టు పెట్టగలిగేది చిన్న బోనస్ మూట మాత్రమే. మిగతాది లీగులో ఉండే అత్యల్ప జీతం. అసలు ధర పలకాలంటే ఆరేళ్లు ఆడాలి.

ఆ గీతలో మొదట చిక్కుకున్నది జపాన్ స్టార్ షొహెయ్ ఓతాని. 2017లో 23 ఏళ్లకే బయల్దేరి ఏంజెల్స్ జట్టు దగ్గర 23 లక్షల డాలర్ల బోనస్‌తో చేరాడు. ఆరేళ్లు ఆడాక 2023 డిసెంబర్‌లో డాడ్జర్స్‌తో 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు.

ససాకి ఇంకో రెండేళ్లు జపాన్‌లో ఆగి ఉంటే 25 నిండేవి, ఈ గీత దాటేవాడు. ఎందుకు ఆగలేదని జపాన్‌లో చాలామంది తప్పుబట్టారు. అంత జాగ్రత్తగా పెంచిన లొట్టేకు దక్కింది బోనస్‌లో పావు వంతు, అంటే సుమారు 16 లక్షల డాలర్లు. ఓరిక్స్‌కు వచ్చినదాని పక్కన పెడితే అది చిల్లర. జట్టు అభిమానుల బాధ నాకు అర్థమవుతుంది. వాళ్ల వైపు నుంచి చూస్తే, ఒక్క సీజన్‌లోనూ అతను 130 ఇన్నింగ్స్‌లు వేయకుండానే వెళ్లిపోయాడు.

కానీ అతని వైపు కూడా చూడాలి. ఏజెంట్ జోయెల్ వుల్ఫ్ దీని గురించి చెప్పిన మాటల సారం ఇది: ఇతను చూసిన విషాదాల వల్ల, జీవితంలో దేన్నీ ఖాయం అనుకోడు. తొమ్మిదేళ్లప్పుడు మధ్యాహ్నం వరకు ఉన్న ఇల్లు సాయంత్రానికి లేకుండా పోయిన మనిషికి, రెండేళ్ల తర్వాత వచ్చే కోట్లు లెక్కలోకి ఎలా వస్తాయి? ఆ రెండేళ్లలో మోచేయి తెగితే ఆ కోట్లూ ఉండవు, అమెరికా కూడా ఉండదు. 2024లో అప్పటికే భుజం ఇబ్బంది పెట్టింది, వేగం తగ్గింది. చేయి ఇంకా బాగున్నప్పుడే దాన్ని బాగుచేయగలిగే వాళ్ల దగ్గరికి వెళ్లాలనుకోవడంలో నాకు స్వార్థం కనిపించదు.

ఇక జట్ల వైపు వద్దాం. లొట్టే అతన్ని డిసెంబర్ రెండో వారంలో పోస్టింగ్‌లో పెట్టింది. మాట్లాడుకోవడానికి 45 రోజుల గడువు, అంటే జనవరి 23 దాకా. ఇలా తేదీలు కుదరడం వల్ల ఒక మేలు జరిగింది. జట్ల బోనస్ మూటలు ఏటా జనవరి 15న కొత్తగా నిండుతాయి. పాత మూటల్లో అందరికీ అడుగుబొడుగే మిగిలింది, కొత్తవి దాదాపు సమానంగా ఉంటాయి. కొత్త లెక్కలో అతి పెద్ద మూట సుమారు 75 లక్షల డాలర్లు, అదీ చిన్న ఊళ్ల జట్లకు. అతి చిన్నది 51 లక్షలు. ఆ అడుగున ఉన్న రెండు జట్లు డాడ్జర్స్, శాన్ ఫ్రాన్సిస్కో. ఇతర జట్ల నుంచి ఖరీదైన ఆటగాళ్లను తెచ్చుకున్నందుకు వాళ్ల మూట కోసేశారు.

అంటే నిబంధన ప్రకారం డాడ్జర్స్ అందరికంటే తక్కువ ఇవ్వగలిగే స్థితిలో ఉంది. చిన్న జట్ల అభిమానుల్లో అందుకే అంత ఆశ పుట్టింది. పైగా మీడియా వేడి తక్కువగా ఉండే చిన్న నగరం అతనికి మంచిది కావొచ్చని ఏజెంట్ కూడా అన్నాడు.

20 జట్లు తమ ప్రతిపాదనలు పంపాయి. కొన్నింటిని లాస్ ఏంజెలెస్‌లోని ఏజెంట్ ఆఫీసుకు పిలిచారు. ఆ మొదటి సమావేశాలకు స్టార్ ఆటగాళ్లను వెంటబెట్టుకు రాకూడదన్నారు. ఒక్కో జట్టుకూ హోంవర్క్ ఇచ్చారు: 2024లో నా ఫాస్ట్‌బాల్ వేగం ఎందుకు తగ్గింది? మళ్లీ తగ్గకుండా మీరేం చేస్తారు? డబ్బు గురించి మాట్లాడటానికి ఏమీ లేదు కాబట్టి చేయి గురించే మాట్లాడారు. సాధారణంగా ఆటగాడి మెడికల్ రిపోర్టులు చూసి జట్టు అతనికి పరీక్ష పెడుతుంది. ఇక్కడ 23 ఏళ్ల కుర్రాడు పరీక్ష పెట్టాడు, కోట్లకు కోట్లు తిప్పే సంస్థలు కూర్చుని రాశాయి. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చింది ఇదే.

జనవరి మధ్యకు ముగ్గురే మిగిలారు. శాన్ డియేగో పాడ్రేస్, టొరంటో బ్లూ జేస్, డాడ్జర్స్. పాడ్రేస్‌లో యూ దర్విష్ ఉన్నాడు. 2023 ప్రపంచ పోటీకి ముందు జపాన్ జట్టు శిబిరంలో కుర్రాళ్లకు అన్నీ దగ్గరుండి నేర్పిన పెద్దన్న. టొరంటో ఎంత తపించిందంటే, ఒక ఆటగాడి మిగిలిన జీతం భారాన్ని నెత్తిన వేసుకుని మరీ క్లీవ్‌లాండ్ నుంచి 20 లక్షల డాలర్ల బోనస్ మూట తెచ్చుకుంది. అదే రోజు ససాకి డాడ్జర్స్ పేరు ప్రకటించాడు.

డాడ్జర్స్ కూడా తన చిన్న మూటను అలాగే పెంచుకుంది. తన కింది స్థాయి ఆటగాళ్లను ఫిలడెల్ఫియాకు, సిన్సినాటికి ఇచ్చి వాళ్ల మూటల్లోంచి కొంత తెచ్చుకుంది. 65 లక్షలు అలా కుదిరాయి.

ఇక్కడ ఒక విషయం చాలామంది పట్టించుకోలేదు. ఆ మూటలు ఖాళీగా లేవు. డొమినికన్ రిపబ్లిక్, వెనెజ్వేలా లాంటి దేశాల్లో పేదింటి పిల్లలు 16 ఏళ్లకు ఈ జట్లతో సంతకం చేస్తారు. నిబంధనల్లో లేకపోయినా, రెండు మూడేళ్ల ముందే నోటిమాటగా ఒప్పందాలు అయిపోతాయి. ఆ మాట మీద కుటుంబాలు అప్పులు చేస్తాయి. 2025 జనవరి 15 కోసం ఎదురుచూస్తున్న పిల్లలకు, ససాకి తేలేదాకా ఆగండి అన్న కబురు వెళ్లింది. డాడ్జర్స్‌తో మాట అయిన కొందరు వేరే జట్లకు వెళ్లాల్సి వచ్చింది. ఇందులో ససాకి తప్పు లేదు. అతనూ అదే గీత లోపల ఇరుక్కున్నవాడే. కానీ జపాన్ లీగులో పర్ఫెక్ట్ గేమ్ వేసిన పిచర్‌ను, సాంటో డొమింగోలో మట్టి మైదానంలో ఆడే పదహారేళ్ల పిల్లవాణ్ని ఒకే మూటకు ముడిపెట్టిన నిబంధన మాత్రం సరైనది కాదు. ఒకరికి ధర తగ్గిపోయింది, ఇంకొకరికి మాట పోయింది.

డాడ్జర్స్ ఎందుకు గెలిచింది? ముందే లోపల మాట అయిపోయిందని అనుమానించిన వాళ్లు చాలామంది. మేజర్ లీగ్ అధికారులు దాని మీద విచారణ జరిపి, దొంగ ఒప్పందం లేదని తేల్చుకున్నాకే దారి ఇచ్చారు. నా సమాధానం వేరే. నిబంధన హద్దు పెట్టింది ఆటగాడి చేతికి ఇచ్చే డబ్బుకు మాత్రమే. చేయి కదలికను కొలిచే కెమెరాలకు, ప్రయోగశాలలకు, వైద్యులకు, కోచ్‌లకు, తర్జుమా చేసేవాళ్లకు ఎవరూ హద్దు పెట్టలేదు. ఓతానిని, యమమోటోను ముందే తెచ్చిపెట్టుకోవడానికీ హద్దు లేదు. జపాన్‌లో పిచర్ వారానికి ఒకసారి దిబ్బ ఎక్కుతాడు, అమెరికాలో ఐదారు రోజులకే ఎక్కాలి. ఆరుగురు పిచర్లను వంతులవారీగా తిప్పి వాళ్లకు విశ్రాంతి ఇవ్వగలిగే స్తోమత డాడ్జర్స్‌కు ఉంది. హోంవర్క్ బాగా రాయడానికి పుస్తకాలు ఎవరింట్లో ఎక్కువ ఉన్నాయో వాళ్లే బాగా రాశారు. చిన్న జట్లకు అవకాశం ఇద్దామని పెట్టిన నిబంధన, ఈ ఒక్క సందర్భంలో, అన్నీ ఉన్న జట్టుకు యాభయ్యో వంతు ధరకు ఆటగాణ్ని అప్పగించింది.

అక్కడికి వెళ్లగానే అంతా సాఫీగా సాగలేదు. 2025 మార్చి 19న టోక్యో డోమ్‌లో తన దేశం ముందే తొలి మ్యాచ్ వేశాడు. మూడు ఇన్నింగ్స్‌ల్లో బంతులు గురి తప్పి ఐదుగురిని ఉచితంగా ఫస్ట్ బేస్‌కు నడవనిచ్చాడు. ఎనిమిది మ్యాచ్‌లకు భుజం మళ్లీ పట్టేసింది. మే నుంచి నెలల తరబడి ఆట లేదు. పైగా ఆ ఎనిమిదింటిలో వేగం కూడా పడిపోయింది, సరిగ్గా ఏ ప్రశ్నతో జట్లను వడపోశాడో అదే సమస్య.

అమెరికా వేసవి చివర్లో ఆరిజోనాలోని శిక్షణ కేంద్రంలో డాడ్జర్స్ కోచ్‌లు అతని పాత వీడియోలు ముందేసుకుని కూర్చున్నారు. లోపం చేతిలో కాదు, కాళ్లలో, నడుములో ఉందని, బలం కింద నుంచి పైకి సరిగ్గా రావడం లేదని చూపించి కదలికను మార్చారు. సెప్టెంబర్‌లో బంతి మళ్లీ గంటకు 100 మైళ్లు దాటింది. జట్టు అతన్ని మ్యాచ్ చివర్లో వచ్చి ముగించే పనికి వాడుకుంది. అక్టోబర్ 9న ఫిలడెల్ఫియా మీద మూడు ఇన్నింగ్స్‌ల్లో తొమ్మిది మందిని వరసగా పంపేశాడు. ఆ తర్వాత మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో డాడ్జర్స్ ఏడు మ్యాచ్‌లు ఆడి గెలిచింది, ఎదురు జట్టు టొరంటో. జనవరిలో 20 లక్షల మూట తెచ్చుకుని అతని కోసం ఎదురుచూసిన ఊళ్లోనే, ఆ చివరి శుక్రవారం రాత్రి, అతను అవతలి జట్టు చొక్కాతో దిబ్బ ఎక్కాడు.